శిక్ష అయిపోయినంక మల్ల జైలెందుకు?

జైలు శిక్ష అయిపోయినంక మనిషి ఏడికి పోవాలె? ఇంటికి పోవాలె. కానీ అమెరికాల వలసొచ్చిన మనిషికి గీ లెక్క పనిచేస్తలేదు. విడుదల దినం బయట ఇంటోళ్లు ఎదురుచూస్తుంటరు. లోపటనే ఇంకో డిపార్ట్‌మెంటోళ్లు వచ్చి బేడీలేసి తీస్కపోతరు. ఆ డిపార్ట్‌మెంటు పేరు ఐస్, అంటే వలసల పోలీసులు. తీస్కపోయేది డిటెన్షన్ సెంటర్‌కు. కాయిదం మీద అది జైలు కాదు, కానీ తాళం మాత్రం బయటికెల్లే పడుతది. ఆడికెల్లి దేశం దాటిస్తరు. గ్రీన్ కార్డు ఉన్నోళ్లకు గూడ కొన్ని కేసులల్ల గిదే గతి.

గిది ఎట్ల నడుస్తదో సమజ్ చేస్కోవాలె. మనిషిని అరెస్టు చేసి వేలిముద్రలు తీసుకోంగనే అవి వలసల శాఖకు చేరుతయి. ఐస్ ఆఫీసరు జైలుకు ఒక ఫారం పంపుతడు. దాన్ని డిటైనర్ అంటరు. "విడిచిపెట్టే ముందు మాకు చెప్పుండ్రి, ఇంకో 48 గంటలు ఆపుండ్రి" అని అండ్ల ఉంటది. దాని మీద జడ్జి సంతకం ఉండదు. గిది అడుగుడే గని ఆర్డర్ కాదని 2014ల అమెరికా అప్పీలు కోర్టు ఒకటి తేల్చి చెప్పింది. అంటే మనిషిని అప్పజెప్పుడు చానా కాడ జైలోళ్ల చేతుల్లనే ఉన్నది. ఉద్యమాలు పట్టుకున్నది గీ కొసనే.

కాలిఫోర్నియాల జనం కొట్లాడితే 2017ల చట్టం వచ్చింది. లోకల్ జైళ్లు డిటైనర్ చూసి మనిషిని ఎక్కువసేపు ఆపొద్దు, కొన్ని నేరాలకు తప్ప ఐస్‌కు అప్పజెప్పొద్దు. కానీ పెద్ద శిక్షలు పడ్డోళ్లుండే రాష్ట్ర జైళ్లను ఆ చట్టం ఇడిచిపెట్టింది. ఆ సందు మూసేతందుకు పెట్టిన బిల్లు 2022ల కొన్ని ఓట్ల తేడాతోని పడిపోయింది.

ఆ సందుల చిక్కినోళ్ల ముచ్చట ఇనుండ్రి. అడవులు అంటుకుంటే ప్రాణాలకు తెగించి మంటలార్పిన ఖైదీలు ఇద్దరున్నరు. వాళ్ల కుటుంబాలు లావోస్ నుంచి పారిపోయి వచ్చినయి. 2020ల శిక్ష అయిపోంగనే ఇద్దరినీ ఐస్‌కు అప్పజెప్పిండ్రు. జనం లొల్లి పెట్టిండ్రు, వకీళ్లు కొట్లాడిండ్రు. 2021ల గవర్నర్ ఇద్దరికీ క్షమాభిక్ష పెట్టిండు.

మరి సాయం చేసెటోళ్లు ఏం చేస్తరు? విడుదల దినం గేటు కాడికి పోతే సరిపోదు. నెలల ముందుగాలనే పని మొదలువెడ్తరు. డిటైనర్ ఉన్నదా అని జైలును అడుగుతరు. బయటికొస్తే ఏడ ఉంటడు, ఏం పని చేస్తడు అన్నది కాయిదం మీద పెడ్తరు. ఇంటోళ్లతోని, పని ఇచ్చెటోళ్లతోని ఉత్తరాలు రాయిస్తరు. షెరీఫ్‌కు, గవర్నర్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేయిస్తరు. వలసల కోర్టుల సర్కారు ఉత్తగ వకీలును ఇయ్యదు, గందుకే చందాలేసి వకీలును పెడ్తరు.

ఇంకో పని కేసు మొదట్లనే ఉన్నది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపిస్తరా అన్నది వకీలు చెప్పాల్సిందేనని 2010ల అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క దినం తేడా ఎంత పని చేస్తదో చూడుండ్రి. దొంగతనం కేసుల ఏడాది శిక్ష పడితే వలసల చట్టం దాన్ని ఘోర నేరం కింద లెక్కగడుతది. 364 దినాలైతే ఆ లెక్కల రాదు. గందుకే కాలిఫోర్నియా, న్యూయార్క్ చిన్న నేరాలకు శిక్షను 364 దినాలు దాటనియ్యలే.

మనోళ్లకేం సంబంధం అంటరా? మనోళ్లు మస్తుమంది ఉండేది టెక్సాస్‌ల. ఆడ 2017 చట్టం ప్రకారం జైళ్లు డిటైనర్‌ను పాటించాల్సిందే. గేటు కాడ ఆపే దారి దాదాపు మూసుకపోయినట్టే, ఏం చేసినా కోర్టులనే చెయ్యాలె. మిషిగన్‌ల ఐసే దొంగ యూనివర్సిటీ పెట్టి 2019ల మన పోరగాండ్లను పట్టుకున్నది యాదికుండే ఉంటది. దుకాణంల సామాన్ ఎత్తుకొచ్చిన కేసు చిన్నదే అనిపిస్తది. "ఒప్పేసుకో, జుర్మానా కట్టి పో" అన్న మాట ఇని సంతకం పెడితే ఆ కాయిదం ఎన్నేండ్లైనా ఎంట వస్తది. మీ అన్నకో, చెల్లెకో గిసొంటిది ఎదురైతే మూడు మాటలు చెప్పుండ్రి. వలసల చట్టం తెలిసిన వకీలును అడగనిది దేని మీద సంతకం పెట్టొద్దు. ఐస్ ఆఫీసర్ల ప్రశ్నలకు జవాబు చెప్పకుండ ఊకుండే హక్కున్నది. ఇండియా కాన్సులేట్‌కు కబురు పెట్టుమని అడిగే హక్కున్నది.

"తప్పు చేసినోనికి గింత సాయమెందుకు" అంటరు కొందరు. తప్పుకు శిక్ష కోర్టు ఏసింది, ఆ మనిషి అనుభవించిండు. అదే తప్పు చేసిన అమెరికనోడు ఆ పొద్దే ఇంట్ల బువ్వ తింటుండు. ఇంకొకన్ని పుట్టిన దేశం చూసి మల్ల లోపటేస్తే, అది ఆ తప్పుకు ఏసిన శిక్ష కాదు. పుట్టుకకు ఏసిన శిక్ష.