అచ్చు ఒక్కటే, పుటలు వేలు

కిందటేడు దాళ్వాలో దివిసీమలోని మా ఊళ్ళో మా నాన్న మినుముకి మందు కొట్టబోతూ ఒక వెబ్‌సైటులో మోతాదు చూశాడు. గట్టు మీద నిలబడి, చేతిలో ఫోనుతో. పట్టిక చాలా వెడల్పు. కుడికి జరిపితే మందు పేరు పోతుంది, ఎడమకి జరిపితే అంకె పోతుంది. అనుమానం వచ్చి బందరు హాస్టల్లో ఉన్న నాకు ఫోను చేశాడు: "ఏరా, రెండొందలా, నాలుగొందలా?" సమాచారంలో తప్పులేదు, పేర్చిన తీరులోనే ఉంది. నేను ఫోను ఎత్తకపోయి ఉంటే?

ఆ పేర్చే తీరుని చెప్పేదే స్టైల్‌షీటు. పెడన కలంకారీ చూసే ఉంటారు. ఒక్క చెక్క అచ్చుతో వందల గజాల మీద అదే పువ్వు. వెబ్‌సైటులోనూ రాత ఒకచోట, రూపం చెప్పే సూత్రాలు ఇంకోచోట ఉంటాయి. ఆ ఒక్క ఫైలు మారిస్తే వేల పుటలు మారతాయి. పైగా, ఇదివరకు అద్దిన బట్ట కూడా మారిపోతుంది! 1994లో హోకన్ లీ ప్రతిపాదించిన ఈ పద్ధతి 1996 డిసెంబరులో ప్రమాణమైంది. ఇప్పటి స్టైల్‌షీట్లు తెర వెడల్పు చూసి, సన్నని తెర మీద ఒక్కొక్క వరుసనీ విడి చీటీగా పేర్చగలవు.

వికీపీడియాని నడిపే మీడియావికీ ఓపెన్ సోర్సు, అంటే దాని కోడు ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. 2023 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియాకి కొత్త రూపు వచ్చింది. పంక్తుల పొడవు తగ్గించారు, విషయసూచికను పక్కకి చేర్చారు. వ్యాసాల్లో మాత్రం ఒక్క అక్షరం మారలేదు.

2003లో మొదలైన మన తెలుగు వికీపీడియాదీ అదే మీడియావికీ. అందులో ఖాతా ఉన్నవాళ్ళు తమకోసం సొంత స్టైల్‌షీటు రాసుకోవచ్చు. నేను రాసింది ఒక్క సూత్రమే: పంక్తుల మధ్య ఎడం పెంచమని. ఇంగ్లీషుకి సరిపోయే ఎడం మనకి చాలదు. "రాష్ట్రం"లోని వత్తులు కిందికి దిగుతాయి, కింది పంక్తిలోని గుడులు పైకి లేస్తాయి. ఎడం పెంచగానే రెండూ విడిపడ్డాయి, కళ్ళకి హాయి అనిపించింది.

వెబ్‌సైటుకి రూపు మార్చే మిత్రులకి నాదొక మనవి. పెద్ద తెర మీద చూసి మురిసిపోకండి. పాత ఫోను పట్టుకుని మిట్టమధ్యాహ్నం గట్టు మీదికి రండి. మా నాన్న అక్కడ అంకెని సరిగ్గా చదవగలిగితే, మీరు నెగ్గినట్టే.