పాత పటము - కొత్త బాట

2022 ఏప్రిల్ 4వ తేదీన సత్తెనపల్లి గుంటూరు జిల్లాను వీడి పల్నాడు జిల్లాలో చేరినది. అంతకు మునుపు పటము నింపుకొని, మరల సవరింపని కారుయంత్రమునకు ఈ సంగతి తెలియదు. అందులో కాలము ఆగిపోయినది.

కావుననే పలువురు కంపెనీ అమర్చిన పాటల పెట్టెను, దారి చూపు యంత్రమును ఊడదీయించి, సెల్‌ఫోనులోని పటమును తెరపై చూపు బజారు యంత్రమును బిగించుకొనుచున్నారు. మంచిదే, కాని తీగల సంగతి తెలిసి చేయింపవలెను. ఒక తీగ ఎల్లవేళల బ్యాటరీనుండి శక్తినిచ్చి యంత్రము జ్ఞాపకమును నిలుపును. సాధారణముగా అది పసుపుపచ్చనిది. ఎఱ్ఱనిది తాళము త్రిప్పినపుడే మేల్కొనును. ఇవి తారుమారైనచో, తాళము తీసినప్పుడెల్ల యంత్రము అమరికలను మరచిపోవును.

ముందుగా బ్యాటరీ మైనస్ తీగను విప్పింపుడు. కంపెనీ తీగలను కోయనీయక, కారునకు తగిన కప్లరును నడుమ పెట్టింపుడు. స్టీరింగు మీటలు, వెనుక కెమెరా పనిచేయుట చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు. పాత యంత్రమును దాచుకొనుడు. కారు అమ్మునాడు అక్కరకు వచ్చును.

మిరప టిక్కీల లారీలు గుంటూరు యార్డునకు బారులు తీరు దినములలో తెరవంక చూచుచు కారు నడుపుట ప్రాణాంతకము. పటము ఎంత కొత్తదైనను, ఎదుట వచ్చు లారీని చూపజాలదు. దానిని మన కన్నులే చూడవలెను.