బడి చందా పుస్తకం

చిత్తూరు: పద్దెనిమిది రోజుల భారతానికి ఇంటికింత అని పెద్దలు నిర్ణయిస్తే వారం తిరక్కుండా వసూలవుతుంది. జాతరకూ అంతే. అదే ఊళ్లో హైస్కూలు ప్రహరీ గోడకు చందా అంటే పుస్తకం పట్టుకుని తిరిగేవారి చెప్పులు అరిగిపోతాయి. ఊరికి బడి మీద ప్రేమ లేదని కాదు. భారతం డబ్బు కళ్లెదుటే ఖర్చవుతుంది. హరికథ చెప్పినాయనకెంత, వీధినాటకం మేళానికెంత, మైకుసెట్టుకెంత అన్నది దుర్యోధన వధ నాటికి ఊరందరి నోటా ఉంటుంది. బడికిచ్చిన డబ్బు సంగతి ఎవరూ చెప్పరు. ఇచ్చినాయన మళ్లీ బడి గడప తొక్కేది ఏ ఆగస్టు 15కో.

ఈ కీలకం గ్రహించిన చోట పూర్వ విద్యార్థుల సంఘాలు, ట్రస్టులు నిలబడుతున్నాయి. గ్రహించని చోట మొదటి ఏడు ఫొటోలతోనే ముగిసిపోతున్నాయి.

సంఘం పెట్టడం పెద్ద పని కాదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల నమోదు చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే చాలు. ఆశయాలు, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించుకోవచ్చు. సంఘం పేరుతో బ్యాంకు ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు బయటకు వచ్చేలా చూసుకోవాలి. ఒకరి సొంత ఖాతాలో, ఒకరి సొంత ఫోనులో వసూలు చేస్తే అక్కడే అనుమానం మొదలవుతుంది. ఆ మనిషి ఎంత నికార్సయినవాడైనా సరే.

చందాకు బయలుదేరే ముందు ఏం కావాలో రాసుకోవడం అసలు పని. ఈ పద్ధతికి పాత ఆధారం పొరుగునే ఉంది. కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, విద్యాశాఖ డైరెక్టరు సుందరవడివేలు పూనికతో మద్రాసు రాష్ట్రంలో బడుల బాగు కోసం మహాసభలు జరిగాయి. 1958లో కడంబత్తూరులో తొలి ప్రయత్నం చేశారు. ఈ బడికి ఇది తక్కువ, ఆ బడికి అది తక్కువ అని ముందే జాబితా తీసి, ఊరివారి ముందు చదివి, ఎవరు ఏది ఇస్తారో అక్కడికక్కడే రాసుకునేవారు. ఉట్టి డబ్బు అడిగితే చెయ్యి వెనక్కి పోతుంది. గడియారం కావాలి, ఇన్ని బల్లలు కావాలి అంటే ముందుకు వస్తుంది.

ఇప్పుడు జాబితా లేకపోవడం వల్ల వస్తున్న విడ్డూరం ఒకటుంది. పదో తరగతి చదివి పాతికేళ్లయిందని పాత మిత్రులు బడిలో కలుసుకుంటారు. గురువులకు శాలువాలు కప్పి, భోజనాలు చేసి, వెళ్తూ వెళ్తూ ఒక బీరువా ఇచ్చిపోతారు. పై ఏడు వచ్చే బ్యాచీ కూడా బీరువానే తెస్తుంది. బీరువా మీద పేర్లు రాయించుకోవచ్చు కదా! మరుగుదొడ్డి కడిగే మనిషి జీతం మీద పేరెలా రాయిస్తారు? అందుకే దానికి దాత దొరకడు. ఆ జీతం లేకే పెద్దపిల్లలు మధ్యాహ్నం ఇంటికి పోయి తిరిగి రారు.

సర్కారు గ్రాంటు ఉంది కదా అనవచ్చు. 2018లో వచ్చిన సమగ్ర శిక్ష పథకంలో 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50 వేల రూపాయలుగా నిర్ణయించారు. నెలకు నాలుగు వేల పైచిలుకు. సుద్దముక్కలు, కరెంటు, రిపేర్లు అన్నీ అందులోనే.

తిరుమల నిత్యాన్నదానం ఎలా నడుస్తున్నదో జిల్లాలో చాలామందికి తెలుసు. 1985లో మొదలైన ఆ పథకంలో భక్తులిచ్చిన మొత్తాన్ని బ్యాంకుల్లో వేసి, వడ్డీని అన్నదానానికి వాడుతూ వచ్చారు. అసలు అలాగే ఉంటుంది. గుడిలో శాశ్వత పూజకు కట్టే డబ్బుదీ ఇదే లెక్క. బడికీ ఇలా శాశ్వత నిధి పెట్టాలని సంఘాలు ఉబలాటపడతాయి. మంచిదే కానీ ముందు లెక్క వేసుకోవాలి. నూటికి ఏడు వడ్డీ వస్తుందనుకుంటే లక్షకు ఏడాదికి ఏడు వేలే. నెలకు ఆరు వందలు కూడా రాదు. పారిశుద్ధ్యానికి నెలకు మూడు వేలు కావాలంటే ఐదు లక్షల పైన నిధి ఉండాలి. పైగా ధరలు పెరుగుతాయి, వడ్డీ పెరగదు. అప్పట్లో వెయ్యి రూపాయలతో పెట్టిన స్మారక బహుమతి నేడు పెన్ను ఖరీదుకు దిగడం అందుకే.

ఆ మూడు వేలే మరో దారిలో చూస్తే మూడు వందల గడప ఉన్న ఊళ్లో ఇంటికి నెలకు పది రూపాయలు. పాల బిల్లు అందే రోజున అడిగితే ఎవరికీ బరువు కాదు. మామిడి దిగుబడి డబ్బు చేతికొచ్చిన నాడు, బెల్లం అమ్ముకున్న నాడు, పెళ్లినాడు, పెద్దల సంవత్సరీకం నాడు ఇచ్చే మొత్తాలు వేరే ఉంటాయి. పెద్ద దాత ఒకసారి ఇస్తాడు. చిన్న దాత నెలనెలా ఇస్తాడు, నెలనెలా అడుగుతాడు కూడా. ఆ అడగడమే సంఘానికి కాపలా.

బయటి డబ్బుకు షరతులున్నాయి. 2013 కంపెనీల చట్టం కింద ఏడాదికి ఐదు కోట్ల నికరలాభం దాటిన కంపెనీ, మూడేళ్ల సగటు లాభంలో నూటికి రెండు వంతులు సమాజసేవకు వెచ్చించాలి. విద్య ఆ పద్దులో ఉంది. అయితే నిన్న పుట్టిన సంఘం చేతికి ఆ డబ్బు రాదు. సాధారణంగా మూడేళ్ల పని చూపాలి, ఆదాయపు పన్ను శాఖ నమోదులుండాలి. దాతకు పన్ను రాయితీ కావాలన్నా ఆ నమోదు తప్పనిసరి. రెండు వేలు మించి నగదుగా ఇస్తే రాయితీ లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు అసలే లేదు.

అమెరికాలో ఉన్న ఊరి బిడ్డల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదన నుంచి పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే మాత్రం, మనవాళ్లే అయినా, అది విదేశీ విరాళమే. 2010 చట్టం కింద కేంద్ర హోంశాఖ అనుమతి లేకుండా రూపాయి తీసుకున్నా నేరం. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. అనుమతి ఉన్న పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంఘానికి బదిలీ చేసే దారి కూడా అప్పుడే మూసేశారు. మేనమామ పంపాడని సంఘం ఖాతాలో వేయించుకున్న డబ్బు కార్యదర్శి మెడకు చుట్టుకోవచ్చు.

పిల్లల్ని బడిలో చేర్చుకునేటప్పుడు విరాళం అడగడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం తప్పు. సంఘం పేరుతో అడిగినా తప్పే. ఆ చట్టం చెప్పిన యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం ఆడవారు ఉండాలి. చందా వసూలు చేసే సంఘాల్లో ఆడవారు ఎందరున్నారో చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మరుగుదొడ్డి జాబితాలో అడుక్కి పోవడానికి ఇదొక కారణం.

మరో చిక్కు నియమావళి రాసేనాడు ఎవరికీ తట్టదు. 2022లో 117 జీవో వచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు, ఊరి బడిలో పిల్లలు తగ్గి దాతలు కట్టించిన గదులు ఖాళీపడే పరిస్థితి వచ్చింది. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. బడులు కలపడం, విడదీయడం మళ్లీ జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. నియమావళిలో ‘ఈ బడి’ అని మాత్రమే రాసుకున్న సంఘానికి, బడి తరలిపోతే బ్యాంకులో ఉన్న నిధిని ఏం చేయాలో తోచదు. ‘ఈ ఊరి పిల్లలు చదివే సర్కారు బడి’ అని రాసుకుంటే పిల్లలు ఎక్కడికి పోతే నిధి అక్కడికి పోతుంది. ఇంతకుముందే నమోదైన సంఘాలు సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, ఆ మాట మార్చుకుని, రిజిస్ట్రారు కార్యాలయంలో దాఖలు చేసుకోవచ్చు.