గుండెలో కరెంటు

మొన్న వేసవిలో కడప నుంచి మా అత్తగారొచ్చారు. రెండ్రోజులు విరేచనాలయ్యాక గుండె దడగా ఉందంటే ‘నీరసంలెండి’ అని మజ్జిగిచ్చి ఊరుకున్నాను. కళ్లు తిరిగి పడ్డాకే కర్నూలు పెద్దాసుపత్రికి పరుగు. ఒంట్లో పొటాషియం తగ్గి గుండె లయ తప్పిందన్నారు.

గుండెలో కరెంటు ఎక్కడిదండీ? సోడియం, పొటాషియం కణం పొర దాటుతుంటే పుడుతుంది. వాటిని మళ్లీ ఎక్కడివక్కడికి తోడిపోసే పంపుకి ఇంధనం ఏటీపీ. దాన్ని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే! పంపుని కనిపెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌకి 1997లో నోబెల్ వచ్చింది. ఈయనకి రానేలేదు.

అన్నట్టు, దడ తగ్గాక తీసిన ఈసీజీ మామూలుగానే రావచ్చు. ఉన్నప్పుడే తీయించాలి. అత్తగారికి ఇదంతా చెప్తే, ‘ఫేజు పోయిన బోరు మోటారేలేమ్మా’ అన్నారు.