లక్షకు ఎంతమంది? శ్రీకాకుళం, విజయనగరం క్యాన్సర్ చావులను దేశం లెక్కతో పోల్చడం ఎలా

"మా ఊళ్లో క్యాన్సర్ చావులు ఎక్కువైపోయాయి. ఇది నిజమేనా, మాకే అలా అనిపిస్తోందా?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మన పేటల్లో ఎక్కడ కూర్చున్నా ఈ ప్రశ్న వస్తోంది. ఒకే వీధిలో రెండేళ్లలో ముగ్గురు పోతే అది ఎక్కువా? మిగతా దేశంలో ఎంతమంది పోతున్నారు? జవాబు చెప్పాలంటే రెండు అంకెలు కావాలి. దేశం అంకె ఒకటి, ఇక్కడి అంకె ఒకటి. మొదటిది సులువుగానే దొరుకుతుంది. రెండోది ఎందుకు దొరకదో తెలుసుకోవడమే ఈ వ్యాసంలో సగం పని.

ముందు దేశం అంకె చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఏడాది కొత్తగా క్యాన్సర్ బారిన పడినవారు సుమారు 14.1 లక్షల మంది, చనిపోయినవారు సుమారు 9.16 లక్షల మంది. జనాభా 140 కోట్ల పైచిలుకు కాబట్టి లక్ష మందికి ఏడాదికి దాదాపు 65 చావులు. ఈ అంకెను మన జిల్లాల మీద పెట్టి చూడండి. 2011 జనగణనలో శ్రీకాకుళం జిల్లా జనాభా 27.03 లక్షలు, విజయనగరం 23.44 లక్షలు. దేశ సగటే ఇక్కడా ఉందనుకుంటే రెండు జిల్లాల్లో కలిపి ఏడాదికి సుమారు 3,300 మంది, అంటే రోజుకు తొమ్మిది మంది క్యాన్సర్‌తో చనిపోతూ ఉండాలి.

"ఉండాలి" అంటున్నాం, "ఉన్నారు" అనడం లేదు. ఎందుకంటే ఇది లెక్కపెట్టిన అంకె కాదు, గుణించిన అంకె. ఆ మాటకొస్తే దేశం అంకె కూడా ఒక్కొక్కరినీ లెక్కపెట్టి తెచ్చింది కాదు. భారత వైద్య పరిశోధన మండలి 1980ల మొదట్లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం మొదలుపెట్టింది. ఒక ప్రాంతంలో ఉండే ప్రతి రోగినీ ఆసుపత్రులు, ల్యాబులు, మరణాల రికార్డులు తిరిగి నమోదు చేయడం రిజిస్ట్రీ పని. 2020లో వచ్చిన జాతీయ నివేదికకు ఇలాంటి 28 రిజిస్ట్రీలే ఆధారం. అవన్నీ కలిపి దేశ జనాభాలో దాదాపు పదో వంతును మాత్రమే చూస్తాయి. తెలుగు నేల నుంచి అందులో ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటి కూడా లేదు. ఇచ్ఛాపురం దగ్గర ఒక పేటలో ఉన్న మనిషి చావును చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ రోగులను చూసి ఊహించారన్నమాట.

సరే, రిజిస్ట్రీ లేకపోతే పంచాయతీలో చావుల రిజిస్టరు ఉంది కదా అంటారు. ఉంది. 1969 చట్టం ప్రకారం ప్రతి మరణాన్నీ నమోదు చేయాలి. కానీ చావును నమోదు చేయడం వేరు, చావుకు కారణాన్ని వైద్యుడు రాసి ఇవ్వడం వేరు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి నూటికి 22.5 మాత్రమే. మిగతావాటిలో ఇంటివాళ్లు చెప్పిందే కారణం. క్యాన్సర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. "ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అని పెద్దాసుపత్రిలో చెప్పాక మన వాళ్లు చనిపోయేది ఇంట్లోనే. నెల రోజులు మంచం మీద ఉండి పోతే "ఏటైంది?" అని అడిగినవాళ్లకు "తిండి దిగలేదు", "నీరసం", "ముసలితనం" అంటాం. చాలా ఇళ్లలో రాచపుండు అన్న మాట నోట పలకడానికే భయపడతారు. పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో మరీను. అలా పోయిన మనిషి క్యాన్సర్ లెక్కలోకి రాదు.

మరో చిక్కు కూడా ఉంది. చావును ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేస్తారు. మన రెండు జిల్లాల రోగులు పెద్ద వైద్యం కోసం వెళ్లేది విశాఖపట్నానికి. కింగ్ జార్జ్ ఆసుపత్రికో, అగనంపూడిలో టాటా మెమోరియల్ సంస్థ నడిపే హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్తారు. అక్కడ కన్ను మూస్తే చావు విశాఖలో నమోదవుతుంది. ఊరి చిరునామా రాసే గడి ఫారంలో ఉంటుంది గానీ, మన పంచాయతీ రిజిస్టరు మాత్రమే తిరగేసేవారికి ఆ మనిషి కనిపించడు. కాబట్టి "శ్రీకాకుళంలో నమోదైన క్యాన్సర్ మరణాలు దేశ సగటు కన్నా తక్కువ" అని ఎవరైనా కాగితం చూపిస్తే సంబరపడకండి. ఎంతమందికి వైద్యుడు కారణం రాశాడు, బయట చనిపోయినవాళ్లను కలిపారా అని ముందు అడగండి.

వయసు సంగతి కూడా చూసుకోవాలి. క్యాన్సర్ ఎక్కువగా నడివయసు దాటాక వస్తుంది. మన జిల్లాల నుంచి పడుచువాళ్లు హైదరాబాద్, చెన్నై, భువనేశ్వర్ వలస పోతారు. మత్స్యకారులైతే గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్తారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పిల్లలు. ముసలివాళ్లు ఎక్కువ ఉన్న ఊళ్లో లక్షకు చావులు సహజంగానే ఎక్కువ కనిపిస్తాయి. ఇది సరిచేయడానికే వయసుల వారీగా విడదీసి పోల్చుతారు. అరవై ఏళ్లవారిని అరవై ఏళ్లవారితో, నలభై ఏళ్లవారిని నలభై ఏళ్లవారితో. ఈ సవరణ లేని పోలిక ఏదైనా, అది మనకు అనుకూలంగా ఉన్నా సరే, నమ్మదగింది కాదు.

"పెరుగుతోందా?" అన్న ప్రశ్న ఇంకా కష్టం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారిపోయాయి. పార్వతీపురం మన్యం కొత్త జిల్లా అయింది. పాలకొండ శ్రీకాకుళం నుంచి అందులోకి వెళ్లింది. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది. 2015 శ్రీకాకుళం అంకెనూ 2024 శ్రీకాకుళం అంకెనూ పక్కపక్కన పెట్టి గీత గీస్తే, అది రెండు వేర్వేరు ప్రాంతాల మధ్య గీసిన గీత. దానికి తోడు ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న ఆ పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. వైద్యం దొరికితే జబ్బు పేరు బయటపడుతుంది. బయటపడ్డ కేసులు పెరిగితే జబ్బే పెరిగిందని చెప్పలేం.

ఇంత చెప్పాక, "అయితే మాకు తెలిసిందేమీ లేదా?" అంటారు. రెండు సంగతులు గట్టిగా తెలుసు. రెండూ మన గురించినవే.

మొదటిది అడ్డపొగ. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మన తీరంలో ఆడవాళ్లకు తరతరాల అలవాటు. తడి చేతులతో పనిచేసేటప్పుడు ఆరిపోదని, గాలికి నిప్పు రవ్వలు ఎగరవని, చంటిపిల్ల మీద బూడిద రాలదని చెబుతారు. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా, పి.సి. గుప్తా, డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్ 1960ల చివర శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షించారు. 10,169 మందిని చూసి 1971లో ఫలితాలు ప్రచురించారు. వారిలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవారే. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి పుండ్లు, అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఈ అలవాటుతో ముడిపడి ఉన్నాయని ఆ పరిశోధనలు చూపించాయి. అడ్డపొగ తాగేవారిలో మరణాల మీద 1984లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోనూ వ్యాసం వచ్చింది. మన అమ్మమ్మల నోళ్లు ప్రపంచ వైద్య పుస్తకాలకు ఎక్కి యాభై ఏళ్లు దాటింది.

దేశం లెక్కలో ఇది కనిపించదు. అక్కడ "నోటి క్యాన్సర్" అన్న ఒక్క గడిలో బుగ్గ, నాలుక, అంగిలి అన్నీ కలిసిపోతాయి. ప్రచారమూ దానికి తగ్గట్టే గుట్కా, ఖైనీల చుట్టూ తిరుగుతుంది. మన దగ్గర నోరు పరీక్షించే ఆశ కార్యకర్త, ఏఎన్ఎం బుగ్గలు చూసి ఊరుకుంటే చాలదు. తల వెనక్కి వాల్చి, టార్చి వేసి, అంగిలి చూడాలి. ఈ ఒక్క మాట మీ ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో చెప్పండి.

రెండోది చదువు. 2001-03 మధ్య దేశమంతటా ఎంపిక చేసిన ఇళ్లలో జరిగిన 1,22,429 మరణాలను పరిశీలించారు. చావు కాగితం మీద ఆధారపడకుండా, శిక్షణ ఉన్నవాళ్లు ఇంటికే వెళ్లి "ఎలా పోయారు, ముందు ఏ లక్షణాలు ఉన్నాయి" అని అడిగి, ఆ జవాబులను వైద్యులతో చదివించి కారణం తేల్చారు. ఫలితాలు 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. 30 నుంచి 69 ఏళ్ల మగవాళ్లలో బాగా చదువుకున్నవారిలో క్యాన్సర్ మరణాలు లక్షకు 45.7 అయితే, చదువు లేనివారిలో సుమారు 107. ఆడవాళ్లలో 43.4 ఒకవైపు, సుమారు 107 మరోవైపు. వయసు తేడా సరిచేశాకే ఈ అంకెలు. పట్నానికీ పల్లెకూ మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. క్యాన్సర్ పట్నం జబ్బు, కలిగినవాళ్ల జబ్బు అన్న మాట అక్కడితో చెల్లిపోయింది.

ఈ అంకెలను మన జిల్లాలకు తెచ్చి చూడండి. 2011లో దేశ అక్షరాస్యత సుమారు 73 శాతం ఉంటే శ్రీకాకుళంలో సుమారు 62, విజయనగరంలో 59. జనాభాలో పదో వంతు ఎస్సీలు. మాల, పైడి, రెల్లి, మాదిగ పేటల్లో యాభై దాటిన ఆడవాళ్లలో బడి గడప తొక్కినవారు ఎంతమందో మీకే తెలుసు. "జిల్లా సగటు, దేశ సగటు" అని పోల్చినప్పుడు ఈ రెట్టింపు తేడా సగటులో కరిగిపోతుంది. జిల్లా అంకె దేశం అంకెతో సరిసమానంగా ఉన్నా, మన పేట అంకె దానికి రెట్టింపు ఉండవచ్చు. అది తేలాలంటే కులం నమోదు కావాలి. మరణ నివేదిక ఫారంలో చనిపోయినవారి మతం, వృత్తి అడుగుతారు. ఎన్నేళ్లు పొగ తాగారో, ఎన్నేళ్లు పొగాకు నమిలారో కూడా అడుగుతారు. కులం అడగరు. వృత్తి దగ్గర "కూలీ" అని రాసేస్తే, ఆ మనిషి టెక్కలి గ్రానైట్ క్వారీలో రాతి దుమ్ము పీల్చాడా, జూట్ మిల్లులో పనిచేశాడా, పొలంలో మందు కొట్టాడా అన్నదీ పోతుంది. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని శాస్త్రం ఎప్పుడో తేల్చింది.

రెట్టింపు ఎందుకో వేరే పరిశోధన అక్కర్లేదు. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, ఐదు నుంచి ఏడు వారాలు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్లకు పైనే. కార్డు మీద వైద్యం ఉచితమే అయినా, తోడు వెళ్లిన మనిషి కూలి, గది అద్దె, ఇంట్లో పిల్లల తిండి ఎవరిస్తారు? మూడో వారంలో తిరిగొచ్చేసినవాళ్లు మన పేటల్లో కొత్త కాదు.

ఇక ఊరి లెక్క. 2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువన్న మాట అసెంబ్లీ దాకా వెళ్లింది. వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగాయి. మన పేట మాట అంతదూరం వెళ్లాలంటే చేతిలో జాబితా ఉండాలి. దేశ సగటున 3,000 మంది ఉన్న ఊళ్లో ఏడాదికి ఇద్దరు క్యాన్సర్‌తో పోతారు. ఒక ఏడు ఎవరూ పోకపోవచ్చు, ఒక ఏడు నలుగురు పోవచ్చు, అది కాకతాళీయం. ఐదేళ్లకు పది మంది అన్నది కాస్త నిలకడైన అంకె. అదే ఐదేళ్లలో పాతిక మంది పోయారంటే తప్పకుండా అడగాల్సిందే. 400 మంది ఉన్న పేటలో సగటున నాలుగేళ్లకు ఒక్కరు. ఒక్క పేట అంకె పట్టుకుని ఏదీ తేల్చలేం. మండలంలోని పేటలన్నీ కలిపి రాయాలి. పేరు, వయసు, ఆడ మగ, పని, చుట్టా అడ్డపొగా, ఏ అవయవం, ఎప్పుడు తెలిసింది, ఎప్పుడు పోయారు, ఎక్కడ పోయారు. విశాఖలో పోయినవాళ్లనూ వలస వెళ్లి జబ్బుతో తిరిగొచ్చినవాళ్లనూ వదలకండి. ఉద్దానం కిడ్నీ జబ్బు కూడా ఊరూరా రక్త పరీక్షలు చేసి లెక్కపెట్టాకే ప్రభుత్వాలకు కనిపించింది. పలాసలో ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరుచుకుంది.

ఇంట్లో ఎవరైనా పోతే 21 రోజుల్లోపు నమోదు చేయించండి. ఆసుపత్రిలో పోతే, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, మరణ కారణం రాసిన ధ్రువపత్రం ఒక ప్రతిని దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలని 2023లో సవరించిన చట్టం చెబుతోంది. అడిగి తీసుకోండి. ఇంటి దగ్గర పోతే, పాత బయాప్సీ కాగితమో డిశ్చార్జి కాగితమో పట్టుకెళ్లి చూసిన వైద్యుడితో కారణం రాయించండి. పనిలో పనిగా వృత్తి గడిలో "కూలీ" బదులు ఏ పని చేశారో రాయమనండి.