చెన్నుపాటి విద్య – రాజకీయ ప్రస్థానం

విజయవాడలో బెంజ్ సర్కిల్ అనగానే వాహనాల రద్దీ స్ఫురించడం సహజం. ఆ కూడలికి చేరువలోనే, పటమట ప్రాంతంలో, గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు నెలకొల్పిన నాస్తిక కేంద్రం ఉన్నది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆరంభమైన ఈ సంస్థ 1947లో ఇక్కడికి తరలివచ్చింది. విజయవాడకు రెండు పర్యాయాలు లోక్‌సభలో ప్రాతినిధ్యం వహించిన చెన్నుపాటి విద్య (1934–2018) గోరా కుమార్తె.

గోరా, సరస్వతి దంపతుల ఇంట రాజకీయం నిత్యజీవితంలో భాగం. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జన్మించిన కుమారునికి లవణం అనీ, రెండవ ప్రపంచ యుద్ధారంభ కాలంలో జన్మించిన మరొకరికి సమరం అనీ పేర్లు పెట్టుకొన్న కుటుంబమది. 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమంలో తల్లిదండ్రులిరువురూ కారాగారవాసం అనుభవించారు. స్వాతంత్ర్యానంతరం గోరా పార్టీరహిత ప్రజాస్వామ్యాన్ని ప్రబోధించారు. ప్రజాప్రతినిధి పార్టీకి గాక ఓటర్లకే బద్ధుడై ఉండాలని ఆయన వాదం. ఎన్నికలలో స్వతంత్రంగా నిలిచినా ఆయన గెలుపొందలేదు.

రాజకీయ వారసత్వం తరచు నియోజకవర్గ రూపంలో సంక్రమిస్తుంది. జపాన్ మాజీ ప్రధాని తనకా కకుయెయి కుమార్తె మకికో 1993లో తండ్రికి పట్టున్న నీగాతా ప్రాంతం నుండి ఎన్నికై, 2001లో ఆ దేశపు తొలి మహిళా విదేశాంగ మంత్రి అయ్యారు. విద్యకు అట్టి సిద్ధపీఠం లేదు.

ఆమె బలం వేరొకచోట సమకూరింది. 1969లో ఆమె వాసవ్య మహిళా మండలిని స్థాపించారు. వాసవుడనగా ఇంద్రుడు గనుక, ‘వాసవ్య’ను చూచి అదేదో ఇంద్ర సంబంధమైన పదమని భ్రమపడడం మావంటి భాషాపాఠకులకు సహజమే! నాస్తికుల సంస్థకు ఆ పేరేమిటి? వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం అనే మూడు మాటల తొలి అక్షరాల కలయిక అది. నిరాదరణకు గురైన స్త్రీలు తమ కాళ్ళపై తాము నిలబడేందుకు ఆ మండలి తోడ్పడింది.

గోరా 1975లో మరణించారు. ఐదేండ్లకు విద్య ఇందిరా కాంగ్రెస్ అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. పార్టీలే వద్దన్న తండ్రి కుమార్తె పార్టీ టికెట్టుపై గెలిచింది! దీనిని ధిక్కారమనుకోనక్కరలేదు. ఆ ఇంట పిల్లలకు నేర్పిన మొదటి పాఠం స్వతంత్రంగా ఆలోచించడమే కదా. అయితే తండ్రి లేవనెత్తిన ప్రశ్న మాత్రం ఆమెను విడిచిపోయి ఉండదు: సభలో కూర్చున్న సభ్యురాలు ఎవరి మాట వినాలి, పార్టీదా, ఓటరుదా?

1984లో ఆ స్థానం తెలుగుదేశానికి దక్కింది. 1989లో ఆమె తిరిగి గెలిచారు. కాని ఆ సభ 1991లోనే రద్దయింది. పార్లమెంటు సభ్యత్వం ముగిసినా వాసవ్య మహిళా మండలితో ఆమె అనుబంధం 2018 ఆగస్టులో కన్నుమూసేవరకు కొనసాగింది.