రెండు మాత్రలు, పన్నెండు వారాలు

ఏ ఆపరేషన్‌కో ముందు చేసిన పరీక్షలో ‘హెచ్‌సీవీ (హెపటైటిస్ సీ వైరస్) పాజిటివ్’ అని వస్తే, విజయవాడ చుట్టుపక్కల ఇప్పటికీ కొందరు పసరు మందు ఎవరు పోస్తారా అని వాకబు చేస్తారు. నీటి వల్ల వచ్చే ఏ, ఈ రకాల కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకొస్తుంది. సీ ఎక్కువమందిని అలా వదలదు. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడినా, పరీక్షించని రక్తం ఎక్కించినా వస్తుంది. ఏ బాధా తెలియనీయకుండా ఏళ్ల తరబడి కాలేయాన్ని తినేస్తుంది.

పాజిటివ్ అన్నది యాంటీబాడీ పరీక్ష మాట. వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందో లేదో తేల్చేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. ఉంటేనే మందు.

ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్లు, రిబావిరిన్ మాత్రలు నెలల తరబడి వాడేవారు. జ్వరం, రక్తహీనత, దిగులు, అంతా భరించాక కూడా చాలామందికి తగ్గేది కాదు. 2013 చివర్లో అమెరికాలో సోఫోస్‌బువిర్ వచ్చింది, మాత్ర వెయ్యి డాలర్లు! గుంటూరు జిల్లా గొల్లమూడిపాడులో పుట్టిన నన్నపనేని వెంకయ్య చౌదరి స్థాపించిన మందుల కంపెనీ నాట్కో ఆ మందు పేటెంట్‌పై అభ్యంతరం వేసింది. తర్వాత లైసెన్సు తీసుకుని, 2015లో 28 మాత్రల సీసాను 19,900 రూపాయలకు ఇక్కడ అమ్మింది. ధర దిగకుంటే ఈ మందు మన ఊళ్లకు కబురుగానే మిగిలేది.

వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను పేర్చుకునేటప్పుడు సోఫోస్‌బువిర్ నకిలీ ఇటుకలా మధ్యలో దూరి, ఆ వరసను అక్కడితో ఆపేస్తుంది. దానితో కలిపి ఇచ్చే రెండో మాత్ర డక్లాటాస్విర్, వైరస్‌కు చెందిన ఎన్‌ఎస్5ఏ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. రూపు మార్చుకోవడంలో ఈ వైరస్ దిట్ట, ఒక్క మందుకైతే లొంగకుండా తప్పించుకోగలదు. రెండు వైపులా దెబ్బ పడితే అది కష్టం. కాలేయం గట్టిపడిన వారికి సాధారణంగా డక్లాటాస్విర్ బదులు వెల్పటాస్విర్ ఇస్తారు. పొట్టలో నీరు చేరే దశకు వస్తే రిబావిరిన్ కూడా కలుపుతారు.

2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం, జిల్లా ప్రభుత్వాసుపత్రిలో అడగండి. మొదలుపెట్టేముందు హెపటైటిస్ బీ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే సీ తగ్గుతుంటే బీ తిరగబెట్టవచ్చు. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛ మాత్రలు, గుండెకు వాడే అమియోడరోన్, ఆఖరికి మనం అడక్కుండానే మింగే గ్యాస్ మాత్ర, అన్నీ డాక్టరుకు చెప్పాలి. వెల్పటాస్విర్ ఒంటికి పట్టకుండా గ్యాస్ మాత్ర అడ్డుపడుతుంది.

సాధారణంగా 12 వారాలుండే కోర్సు ముగిశాక, మరో 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరస్ కనిపించకపోతే నయమైనట్టే. నూటికి 90 మందికి పైగా నయమవుతుంది. యాంటీబాడీ మాత్రం పాజిటివ్‌గానే చూపిస్తుంటుంది. అందుకే ఆ చివరి ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు జిరాక్సు తీయించి దాచుకోండి, మరో ఆసుపత్రికి వెళ్లినప్పుడు అదే అక్కరకొస్తుంది.